సీసా చూడు సార్

నల్లగుట్ట నీటిపారుదల ఆఫీసులో లింగమూర్తి చేతికి వచ్చిన కాగితం ఏదీ ఎర్రసిరా తగలకుండా పోయింది లేదు. సీనియర్ అసిస్టెంటు, ముప్పై నాలుగేళ్ల సర్వీసు, ఇంకో ఎనిమిది నెలల్లో రిటైర్‌మెంటు. పైనుంచి వచ్చిన మెమోల్లో తప్పు కనబడినా ఊరుకునేవాడు కాదు, పెన్సిలుతో సన్నగా ఓ సున్నా చుట్టేవాడు. హోటల్ బోర్డు మీద తప్పులెంచుతూ టీ చల్లార్చుకున్న రోజులు బోలెడు. వాక్యం సరిగ్గా రాయలేనివాడి బుర్ర కూడా సరిగ్గా ఉండదని ఆయన నమ్మకం. ఆ మాట చాటున అనడం ఆయనకు చేతకాదు, ఎవరి గురించో వాళ్ల మొహం మీదే అనేవాడు.

వానాకాలం వచ్చిందంటే ఆ ఆఫీసు కింది పద్నాలుగు చెరువుల లష్కర్లు రోజూ ఒక చిట్టీ పంపాలి. లష్కర్ అంటే చెరువు కాపలా మనిషి. తూము ఎత్తేదీ దించేదీ అతనే, కట్ట మీద తిరిగి ఎలుక బొక్కల దగ్గర్నుంచి చూసుకునేదీ అతనే. ఆ చిట్టీలు పొద్దున్నే పాల ఆటోల్లో వచ్చేవి. లింగమూర్తి వాటిని చదివి, తప్పులకు ఎర్రసున్నాలు చుట్టి, విషయాన్ని మంచి తెలుగులోకి మార్చి రిజిస్టర్లో ఎక్కించేవాడు. చిట్టీలను బల్ల మీది ముల్లుకడ్డీకి గుచ్చేవాడు. కొత్తగా వచ్చిన ఇంజనీరు రంజిత్ ఆ రిజిస్టర్ ఒక్కటే చూసేవాడు. అచ్చు వేసినట్టున్న ఆ చేతిరాత కింద సంతకం పెట్టి జీపెక్కేవాడు.

పద్నాలుగు మందిలో లింగమూర్తికి బొత్తిగా సరిపడనివాడు జీలుగుచెరువు లష్కర్ చాంద్‌పాషా. హుస్నాబాద్‌లో ఏడో తరగతి దాకా ఉర్దూలో చదివాడు. ఇంట్లో మాట్లాడేది దక్కనీ. తెలుగు మాట్లాడితే బాగానే ఉండేది కానీ కాగితం మీద పెట్టేసరికి ఆడా మగా, ఒకటీ పదీ అన్నీ కలగాపులగం అయ్యేవి. ఆ వానాకాలం అతని దగ్గర్నుంచి చిట్టీతోపాటు కొత్త వస్తువు ఒకటి రావడం మొదలైంది. ఒక క్వార్టర్ సీసా. లేబుల్ పీకేసి, మీద తెల్ల ప్లాస్టర్ ముక్క అంటించి తేదీ వేసి ఉంది. లోపల నీళ్లు.

చిట్టీలో ఇలా ఉంది: "సలాం సార్. కట్ట కింద తుమ్మచెట్టు కాడ నీళ్ళు వచ్చిండు. సాఫ్ ఉండు. సీసా చూడు."

లింగమూర్తి దాన్ని గట్టిగా చదివాడు. "నీళ్లు వచ్చిండట. చాయ్ పోసి కూసోబెట్టిండో లేదో రాయలేదు" అన్నాడు. ఆఫీసంతా నవ్వింది. ఆయన నాలుగు సున్నాలు చుట్టి, రిజిస్టర్లో 'కట్ట దిగువ భాగమున స్వల్ప ఊట గమనించబడినది' అని రాశాడు. రాశాక అక్కడ ఆగిపోతే వాక్యానికి మొండెం ఉండి తల లేనట్టు అనిపించింది. నివేదిక అన్నాక ఒక ముగింపు ఉండాలి కదా. 'పరిస్థితి సాధారణము' అని చేర్చాడు. సీసాను మాత్రం సర్కారు బల్ల మీద ఉంచడానికి మనసొప్పలేదు. సారా వాసన వస్తుందేమోనన్నట్టు రెండు వేళ్లతో పట్టుకుని, అల్మారా వెనక కిటికీ గట్టు మీద పెట్టేశాడు.

మర్నాడు ఇంకో సీసా వచ్చింది. ఆ మర్నాడు ఇంకొకటి. పాల ఆటో అతను నవ్వుకుంటూ ఇచ్చిపోయేవాడు. ఐదో రోజు చిట్టీలో "నీళ్ళు జర ఎర్ర అయిండు. సీసా చూడు" అని ఉంది. తొమ్మిదో రోజు చిట్టీలో "నీళ్ళు మట్టి తింటుండు. కట్ట లోపట ఖాళీ అయితుండు. సీసా చూడు సార్" అని ఉంది. నీళ్లు మట్టి తినడమేమిటని లింగమూర్తికి చిరాకేసింది. ఆరు సున్నాలు చుట్టాడు. ఊట ఏ రోజుకారోజు ఉందనే కదా చెబుతున్నాడు అనుకుని, పై రోజు వాక్యాన్నే కిందికి దించాడు. తొమ్మిది రోజులూ పరిస్థితి సాధారణమే.

పదో రోజుకు వాన పట్టి నాలుగో రోజు. చెరువులు నిండి, మిగులు నీళ్లు మత్తళ్ల మీదుగా దుంకుతున్నాయి. రంజిత్ పొద్దున్నే ఇంకో చెరువు తెగేలా ఉందని కబురొస్తే అటు పరుగెత్తాడు. ఆఫీసులో కరెంటు లేదు. పదకొండు గంటలప్పుడు ఆఫీసు ఫోను మోగింది.

"సార్, నేను చాంద్‌పాషాను. ఇయ్యాల సీసా పంపుతలేను. కట్ట మీదికెళ్లి కదలరాదు. ఇంజనీరు సార్‌కు చేస్తె కలుస్తలేదు. జర మీరు చెప్పుండ్రి."

"ఏం చెప్పాలి? ఫోన్లో చెబితే నేను ఎక్కడ ఎక్కించాలి? ఉన్నది రాసి పంపు."

"రాసిన గద సార్. తొమ్మిది దినాలు రాసిన."

"నువ్వు రాసేది రాతనా చాంద్‌పాషా?"

అవతల వాన హోరు. ఎవరో ఆడమనిషి కేకలు వేస్తోంది. "సీసాలు చూసిండ్రా సార్?" అని చాంద్‌పాషా అడిగాడు. జవాబు చెప్పేలోపు లైను తెగిపోయింది.

లింగమూర్తి విసుగ్గా ఫోను పెట్టేశాడు. అప్పుడే అల్మారా మీదికి కప్పు కారడం మొదలైంది. పాత ఫైళ్లు తడుస్తున్నాయని అటెండరును పిలిచి ఇద్దరూ అల్మారాను ముందుకు జరిపారు. కిటికీ వెలుతురు లోపలికి పడింది. గట్టు మీద తొమ్మిది సీసాలు వరసగా ఉన్నాయి. ఆయన పెట్టిన వరసే. తేదీల వరస కూడా అదే.

మొదటి దాంట్లో నీళ్లు తాగొచ్చన్నట్టు ఉన్నాయి. రెండోదీ అంతే. మూడోదాని అడుగున గోటితో గీసినంత పలచగా ఎర్రటి చార. ఐదో దానిలో అది చిటికెనవేలు మందం. ఏడోదానిలో బొటనవేలు. తొమ్మిదో సీసాలో అడుగున రెండు వేళ్ల మందం ఎర్రమన్ను పేరుకుని ఉంది. కదిలించకుండా ఒక రోజంతా నిలబెట్టిన నీళ్లలో అంత మన్ను ఉంది.

ఆయన ఇంజనీరు కాడు. కానీ ముప్పై నాలుగేళ్లు ఇంజనీర్ల కాగితాలకు నకళ్లు రాసిన చెయ్యి ఆయనది. ఊటనీరు తేటగా ఉంటే దిగులు లేదు, మట్టితో వస్తే కట్టను లోపల్నుంచి తొలుచుకుంటూ వస్తున్నట్టు లెక్క, గంటలు చాలు తెగడానికి అనే సర్క్యులర్ ప్రతి వానాకాలమూ వచ్చేది. దాన్ని ఆయనే ఏటేటా అందంగా నకలు తీసి పద్నాలుగు ఊళ్లకు పంపేవాడు. నీళ్లు మట్టి తింటున్నాయని చాంద్‌పాషా రాసింది ఆ సర్క్యులర్‌లో ఉన్న మాటే. జీలుగుచెరువు కట్ట కింద, తుమ్మచెట్టుకు ఎదురుగా, నలభై ఇళ్ల వాడ ఉంది.

రంజిత్‌కు ఏడోసారి ఫోను కలిసింది.

"సార్, జీలుగుచెరువు వద్ద ఊట పరిమాణమందు గణనీయమైన మార్పు సంభవించినట్లుగా..."

"ఏంది మూర్తి సార్, సరిగ్గ ఇనస్తలేదు. ఊటనా? రిజిస్టర్ల నార్మలే అని ఉండె గద నిన్న."

ఎదురుగా ముల్లుకడ్డీకి గుచ్చిన చిట్టీ కనబడింది. దాన్ని లాగాడు. ఉన్నదున్నట్టు చదివాడు. "నీళ్ళు మట్టి తింటుండు. కట్ట లోపట ఖాళీ అయితుండు. సీసా చూడు సార్."

రంజిత్ గొంతు మారిపోయింది. "ఎప్పటి చిట్టీ అది?"

"నిన్నటిది. ఐదు రోజుల నుంచి ఎర్రగానే వస్తోంది సార్. సాధారణం అని రాసింది నేను. ఆయన రాయలేదు."

"వాడ ఖాళీ చేయించుండ్రి. నేను ఇసుక బస్తాలు తీసుకొని వస్తున్న. గంట పడుతది" అని రంజిత్ ఫోను పెట్టేశాడు.

జీలుగుచెరువు ఎనిమిది కిలోమీటర్లు. ఆటోవాడు వాగు దగ్గర ఆగిపోతే లింగమూర్తి చెప్పులు చేత పట్టుకుని మిగతాది నడిచాడు. దారంతా ఆయన చెవిలో ఒకటే మాట, రాసిన గద సార్ అని. వాడలో అడుగు పెట్టేసరికి ఇళ్లు సగం అప్పటికే ఖాళీగా ఉన్నాయి. చాంద్‌పాషా పొద్దున్నే ఇల్లిల్లూ తిరిగి చెప్పాడట. కొందరు కదిలారు. మిగిలినవాళ్లు ఆఫీసోళ్లు చెప్పనిదే పోమని కూర్చున్నారు. దేవవ్వ అనే ముసలామె అయితే గడప మీద బైఠాయించి, రెండు మేకలను చీర కొంగుకు కట్టుకుని ఉంది.

"ఆఫీసుల అడిగితె అంతా మంచిగనే ఉన్నదన్నరట. మా సర్పంచే ఫోన్ జేసి అడిగిండు మొన్న" అంది ఆమె.

"తప్పు జెప్పినం అవ్వా. నేనే తప్పు జెప్పిన. లే." లింగమూర్తి నోట ఆ తెలుగు ఎన్నాళ్లకు వచ్చిందో ఆయనకే తెలియదు. ఒక మేకను తానే ఎత్తుకున్నాడు. దేవవ్వ ఆయన మొహంలోకి చూసి, ఇంకేమీ అడగకుండా లేచింది. ఆమెను చూసి మిగతావాళ్లు లేచారు.

అందరూ బడి దాకా చేరాక ఆయన కట్ట కిందికి వెళ్లాడు. తుమ్మచెట్టు మొదట్లో నేల ఉడుకుతున్న కుండలా బుసబుసా పొంగుతోంది. పైకి వచ్చేది నీళ్లా రక్తమా అన్నంత ఎరుపు. ఊరి మగవాళ్లు పదిమంది తట్టల్లో బంకమన్ను పట్టుకుని నిలబడ్డారు. వాళ్లకు అడ్డంగా రెండు చేతులూ చాచి మోకాలిలోతు బురదలో నిలబడి ఉన్నాడు చాంద్‌పాషా.

"బంద్ జెయ్యనియ్యి పాషా, బొక్క మూస్తె అయిపాయె" అని ఒకతను అరుస్తున్నాడు.

"మూస్తె ఇంకో తాన పలుగుతది. నీళ్లను ఆపొద్దు. పోనియ్యుండ్రి. మట్టిని ఆపుండ్రి. ముందుగాల సన్న ఇసుక, దాని మీద కంకర, దాని మీద రాళ్లు. నీళ్లు సాఫ్ అయినంక భయం లేదు." చాంద్‌పాషా గొంతు బొంగురుపోయి ఉంది. "నా మాట ఇనుండ్రి. తూము మొత్తం ఎత్తిన. మీదికెళ్లి నీళ్ల జోరు తగ్గుతది."

వాళ్లు వినేట్టు లేరు. ఒకతను తట్ట ఎత్తాడు. లింగమూర్తి ముందుకు వెళ్లి ఆ తట్ట పట్టుకున్నాడు. "ఆయన చెప్పినట్టు చెయ్యండి. ఇంజనీరు సారు కూడా అదే చెప్పాడు" అన్నాడు. రంజిత్ అలాంటిదేమీ చెప్పలేదు. ముప్పై నాలుగేళ్లలో లింగమూర్తి తెలిసి ఆడిన మొదటి సర్కారు అబద్ధం అదే. తెల్ల చొక్కా, మెడలో గుర్తింపు కార్డు చూసి వాళ్లు తట్టలు దించారు. బడికి కొత్త గది కట్టడానికి పోసిన ఇసుక కుప్ప ఉంటే అటు పరుగెత్తారు.

తర్వాత రెండు గంటలు లింగమూర్తి ఇసుక మోశాడు. ఒకసారి కట్ట మీద మూరెడు వెడల్పున నెర్రె విచ్చి, పెద్ద మట్టి పెళ్ల జారి కింద పడింది. అందరూ వెనక్కి ఉరికారు. చాంద్‌పాషా కదలలేదు. వంగి, పొంగే నీళ్లను దోసిట్లోకి తీసుకుని చూసుకుంటున్నాడు. రంజిత్ బస్తాలతో వచ్చి, పేర్చిన ఇసుకా కంకరా చూసి, "గిట్లనే పెంచుకుంట పోదాం" అన్నాడు. మూడున్నరకు చాంద్‌పాషా జేబులోంచి ఖాళీ క్వార్టర్ సీసా తీసి ఊట దగ్గర ముంచాడు. పైకెత్తి వెలుతురుకు పట్టాడు. నీళ్లు పలచటి టీ రంగులో ఉన్నాయి. ఐదింటికి మళ్లీ ముంచాడు. ఈసారి సీసా అవతల నిలబడ్డ లింగమూర్తి మొహం కనబడింది.

నాలుగు రోజుల తర్వాత కరీంనగర్ నుంచి విచారణ అధికారి వచ్చాడు. కట్ట అంతదాకా ఎందుకు వచ్చింది, ఊటలో మట్టి వస్తున్న సంగతి ముందుగా ఎందుకు తెలియలేదు అన్నది ప్రశ్న. ఆయన రిజిస్టర్ తెప్పించుకుని చదివాడు. తొమ్మిది రోజులూ పరిస్థితి సాధారణము. అంటే లష్కర్ చెప్పలేదన్నమాట. చాంద్‌పాషాది కాంట్రాక్టు కొలువు, తీసెయ్యడానికి ఒక కాగితం చాలు. ఆ కాగితం టైపై బల్ల మీద ఉంది.

విచారణ గదిలోకి పోయే ముందు రంజిత్ లింగమూర్తిని వరండాలోకి పిలిచాడు. "మూర్తి సార్, తొమ్మిది సంతకాలు నాయి. నాకు ఇంకా ప్రొబేషన్ కాలే. మీకు ఎనిమిది నెలలే ఉన్నయి, పింఛన్ ఆగుతది. పాషాను ఇంకో కాంట్రాక్టుల పెట్టిద్దాం, నేను మాట్లాడుత. ఆ చిట్టీలు ఎక్కడున్నయో మీకే ఎరుక" అన్నాడు. కుర్రవాడు కళ్లు దించుకుని ఉన్నాడు. లింగమూర్తికి అతని మీద కోపం రాలేదు. చిట్టీలు తన చొక్కా జేబులోనే ఉన్నాయి. నాలుగు రోజులుగా వాటిని ఇంటికి తీసుకుపోతున్నాడు, తెస్తున్నాడు. పొయ్యి దగ్గర రెండుసార్లు నిలబడ్డాడు కూడా.

లోపల చాంద్‌పాషా తలుపు పక్కన నిలబడి ఉన్నాడు. ఉతికిన చొక్కా, నున్నగా దువ్విన తల. అధికారి అడిగాడు. "నీళ్లల్ల మట్టి వస్తుందని నువ్వు చెప్పినవా?"

"చెప్పిన సార్."

"రిజిస్టర్ల లేదు గద."

చాంద్‌పాషా లింగమూర్తి వైపు చూడలేదు. నేల వైపు చూశాడు. అధికారి కాగితం మీద సంతకం పెట్టడానికి పెన్ను మూత తీశాడు. లింగమూర్తి జేబులోంచి చిట్టీలు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఆయన చెప్పిండు సార్. రాసిండు. నేను ఎక్కించలేదు."

అధికారి చిట్టీలు ఒక్కోటీ తిప్పాడు. మూడోదానికి నవ్వు ఆపుకోలేకపోయాడు. "నీళ్లు వచ్చిండా? లింగమూర్తి గారూ, మీ మంచితనం కొద్దీ ఆయనను కాపాడాలని చూస్తున్నరు. మీ రాత నేను కరీంనగర్‌ల గూడ మెచ్చుకున్న. గిట్ల రాసేటోనికి కట్ట గురించి ఏం తెలుస్తది చెప్పుండ్రి?"

తన మాటే. ఇన్నేళ్లూ తను అంటూ వచ్చిన మాటే. లింగమూర్తి బయటికి వెళ్లి, ఒక అట్టపెట్టెలో తొమ్మిది సీసాలు పెట్టుకుని వచ్చాడు. తేదీల వరసన అధికారి ముందు పేర్చాడు. అధికారి నవ్వు నాలుగో సీసా దగ్గర పోయింది. తొమ్మిదోదాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు తిప్పి చూశాడు. ఆయనా ఒకప్పుడు చెరువు గట్ల మీద తిరిగిన ఇంజనీరే.

"ఇవి ఎప్పుడు వచ్చినయి?"

"రోజుకొకటి సార్. చిట్టీతోనే."

"ఎక్కడ పెట్టిండ్రు?"

"అల్మారా వెనుక."

"ఎందుకు?"

గదిలో అందరూ ఆయన వైపే చూస్తున్నారు. చెప్పడానికి ఉన్నది ఒకటే జవాబు. "చిట్టీల తెలుగు బాగలేదు సార్."

అధికారి పెన్నుకు మూత పెట్టాడు. టైపైన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి తన సంచిలో వేసుకున్నాడు. "మీకు మెమో వస్తది. రంజిత్‌కు గూడ వస్తది. ఇప్పుడు రిజిస్టర్ తీసుకోండి. ఏ చిట్టీల ఏమున్నదో ఉన్నదున్నట్టు ఎక్కించి, పాత రాతల తప్పేదో మీరే చూపించి సంతకం పెట్టుండ్రి" అన్నాడు.

అందరూ వెళ్లాక లింగమూర్తి బల్ల ముందు కూర్చున్నాడు. చాంద్‌పాషా ఇంకా తలుపు దగ్గరే ఉన్నాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఫోన్ల నన్ను నాలుగు తిట్టాల్సింది నువ్వు" అన్నాడు లింగమూర్తి. "ఎందుకు ఊకున్నవ్?"

"తిడితె మీరు ఫోన్ పెట్టేస్తుండె" అన్నాడు చాంద్‌పాషా. "నేను రాస్తె మీరు నవ్వుతరని నాకెరుకే సార్. పాల ఆటో ఆయన చెప్పిండు. అందుకే సీసాలు పంపిన. సీసాల ఏం తప్పు దొరుకుతది, చూస్తరు అనుకున్న."

లింగమూర్తి కళ్లు తుడుచుకుని నల్లసిరా పెన్నుతో మొదటి చిట్టీ ఎక్కించడం మొదలుపెట్టాడు. నీళ్ళు వచ్చిండు. సాఫ్ ఉండు. సీసా చూడు. చెయ్యి అలవాటు కొద్దీ ఆగిన ప్రతిచోటా చిట్టీని మళ్లీ చూసుకుని, అందులో ఎలా ఉందో అలాగే రాశాడు. తొమ్మిదోది అయ్యాక ఎర్రసిరా పెన్ను తీశాడు. పాత పేజీల్లోకి వెళ్లి, తన అందమైన చేతిరాతలో ఉన్న 'పరిస్థితి సాధారణము' చుట్టూ తొమ్మిది చోట్ల సున్నాలు చుట్టి, పక్కన సంతకం పెట్టాడు.